బొట్టు పెట్టని మెట్లు

మా వదినె పోయిందని పుత్తూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. వదినె అంటే మా ఆయనకు అక్క. పొద్దునే వాకిట్లో ముగ్గేసి, కాఫీ తాగుదామని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. పెనం మీది దోసె మాడిపోతుంటే మా చిన్నమ్మాయి వచ్చి స్టవ్ ఆపింది.

కర్మక్రియల రోజున వచ్చినవాళ్ళంతా ఆమె నోటి దురుసు గురించి, ఆమె నవ్వించిన తీరు గురించి చెప్పుకున్నారు. నలుగురిలో మాట్లాడడం నాకు చేతకాదు. ఇంటికొచ్చాక అమ్మాయే అంది, "అత్త నాకు చేసింది యెవురికీ తెలీదు గదమ్మా. నువ్వు రాయి. నేను మెల్లిగా చదువుకుంటా." బడి మానేశాక నేను ఉత్తరాలు తప్ప ఏమీ రాసింది లేదు. బిడ్డ అడిగింది కాబట్టి రాస్తున్నాను.

అది నాలుగో తరగతిలో ఉన్నప్పటి మాట. నోటితో చెప్పమంటే విన్న కథంతా పొల్లుపోకుండా చెప్పేది. పుస్తకం తెరిస్తే ఒక వరుస చదివి రెండు వరుసలు దాటేసేది. కూర్చున్నచోట నిలిచేది కాదు. బడికి తీసుకుపోయిన పెన్సిలు ఇంటికి తిరిగొచ్చేది కాదు. "తెలివి ఉంది, బద్ధకం" అన్నారు టీచర్లు. మా ఆయన విసిగిపోయి, సెలవులు కాగానే హాస్టల్ బడిలో వేసేస్తానన్నారు. అక్కడ తెల్లవారకముందే లేపి, కదలనివ్వకుండా కూర్చోబెట్టి చదివిస్తారని ఎవరో చెప్పారట. ఆ బిడ్డను కదలనివ్వకపోతే ఏమైపోతుందోనని నాకు అన్నం సహించలేదు.

నాకు తెలిసింది ఒకటే, మొక్కుకున్నాను. అలిపిరి నుంచి కొండ మీదిదాకా ఒక్క మెట్టు కూడా వదలకుండా బిడ్డ చేతనే పసుపు కుంకుమ పెట్టిస్తానని.

వదినె కూడా మాతో వచ్చింది. అమ్మాయి కాసేపు బాగానే పెట్టింది. తరువాత కోతిని చూసి ఒక పరుగు, ఎవరిదో పాట విని ఒక ఆగడం, మళ్ళీ నాలుగు మెట్ల పైనుంచి మొదలు. నేను వెనకాలే వంగుతూ, అది వదిలేసిన మెట్లకు బొట్లు పెట్టుకుంటూ వస్తున్నాను.

"ఏందిమే నువ్వు చేసేది?" అంది వదినె.

"మొక్కు గదా వదినా. ఒక్కటి గూడా తప్పకూడదు."

"మొక్కింది బిడ్డ చేత పెట్టిస్తాననే గదా? నువ్వు పెడితే అది నీ బొట్టు. యెవురు పెట్టిందో సామికి తెలీదా ఏంది?" ఆయాసపడుతూ మెట్టు మీద కూలబడింది. "కూకో ఈడ. ఆ బిడ్డను సూడు."

చూశాను. అది పెట్టిన ప్రతి బొట్టూ మెట్టుకు నట్టనడుమ గుండ్రంగా ఉంది. పెట్టినచోట అంత శ్రద్ధ. దాటినచోట ఉత్త రాయి.

"బద్ధకముండే బిడ్డ ఇంత ఎండలో ఇన్ని మెట్లకు వంగుతాదా?" అంది వదినె. "దానికి కొన్ని జారిపోతా ఉండాయి. ఎందుకు జారిపోతా ఉండాయో డాక్టరుకు సూపీయాల."

ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయనకు కోపం వచ్చింది. "నా కూతురికి పిచ్చంటావా అక్కా?"

"ఒరే, మా పుత్తూరికి ఎముకల కట్టు కోసం దినామూ బస్సుల్లో దిగతారు, చెయ్యి యిరిగినోళ్ళు, కాలు యిరిగినోళ్ళు. వాళ్ళను కొట్టి నడిపిస్తారా? ముందు యాడ యిరిగిందో పట్టి సూస్తారు. ఆ పైన కట్టు. నువ్వు సూడకుండానే కట్టు కడతానంటావే."

"నా బిడ్డకు ఏమీ యిరగలేదు."

"ఆ మాట సూసినోళ్ళు చెప్పనీ. ఏమీ లేదంటే నేనే హాస్టలుకు పెట్టె సర్దిస్తా."

తిరుపతిలోనే చూపించాం. ముందు చెవులు, కళ్ళు పరీక్ష చేశారు. అవి బాగున్నాయి. తరువాత ఒక సైకాలజిస్టు మేడం బిడ్డతో బొమ్మల ముక్కలు పేర్పించింది, చదివించింది, రాయించింది. ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఇంట్లో ఎట్లా ఉంటుందో మమ్మల్ని, బడిలో ఎట్లా ఉంటుందో టీచరును అడిగారు. అమ్మాయి చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే నా పెదవులు కదిలాయి. పక్కనున్న వదినె నా చెయ్యి నొక్కి, చెవిలో అంది, "మళ్ళా బొట్లు పెడతా ఉండావా?"

బిడ్డకు తెలివి బాగా ఉందని, చదవడంలో డిస్లెక్సియా అనే ఇబ్బంది, దానితోపాటు మనసు ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ ఉన్నాయని మేడం చెప్పింది. పెంపకంలో తప్పు కాదంది. చదవడం వేరే పద్ధతిలో నేర్పే టీచరు కావాలి, క్లాసులో ముందు బెంచీ కావాలి, పని కొంచెం కొంచెంగా ఇవ్వాలి, పరీక్షలకు ఎక్కువ సమయం అడగాలి. మందు సంగతి డాక్టరు చూసి చెబుతారంది. మా ఆయన, "బిడ్డ రాదని హాస్టల్ వాళ్ళకు చెప్పేస్తా" అన్నారు.

"ఫోను జేబులోనే గదా ఉండాది" అంది వదినె.

అప్పటినుంచి వీలైన శనివారమల్లా పుత్తూరు బస్సెక్కి వచ్చేది. సంచిలో మురుకులు, కొంగున కట్టిన కనకాంబరాలు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేజీ చదివించేది. అది వరుస తప్పితే కసిరేది కాదు. "దాటితే దాటినావులే, వెనక్కి రా" అనేది. ఆ మాట అమ్మాయికి ఎంత అలవాటయిందంటే, ఇప్పుడు పదో తరగతి పుస్తకం చదువుకుంటూ తనకు తానే చెప్పుకుంటుంది. పరీక్షల్లో దానికి ఎక్కువ సమయం ఇస్తున్నారు. గట్టెక్కుతుంది. నాకు ఆ నమ్మకం ఉంది.

ఈ కాగితాలు వదినె కుంకుమ భరిణె పక్కన పెడుతున్నాను. ఇంట్లోవాళ్ళు చదివి దాచిపెట్టండి, బయట చూపించవద్దు. ఇది అమ్మాయి సంగతి, ఎవరికి చెప్పాలో అదే చూసుకుంటుంది.

మొన్న అత్త పేరున మెట్లెక్కుతానని ఆ భరిణె అదే తీసుకుంది. ఇప్పటికీ మెట్లు దాటేస్తూనే ఉంది. నేను చేతులు కట్టుకుని వెనకాలే నడిచాను. మధ్య మధ్య ఉత్త రాళ్ళు అలాగే ఉన్నాయి. చాలా పైకి పోయిన బిడ్డ ఒకచోట ఆగింది, కిందికి చూసింది, ఏదో గొణుక్కుంది. ఒక్క మెట్టు కోసం అంతదూరం దిగివచ్చి, నా ముందర వంగింది.