సైరన్‌కీ బంగారికీ నేను కుదిర్చిన రాజీ

నా బట్టతల మీద ఈ మూడు గీతలు చూసి మీరంతా తలో కథ అల్లుతున్నారని నాకు తెలుసు. మా ఆవిడ పద్మ కొట్టలేదు. స్కూటర్ మీంచి పడలేదు. పదిహేను రోజుల కిందట మా ఇంట్లో ఒక రాజీ సమావేశం జరిగింది. దానికి అధ్యక్షుణ్ని నేనే! నవ్వకండి. టీ తాగుతూ వినండి.

నా సంగతి మీకు తెలుసు కదా. ప్లాంటులో యూనియన్‌కీ మేనేజ్‌మెంట్‌కీ పేచీ వస్తే ఇద్దర్నీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టే సెక్షన్ నాది. క్యాంటీన్ సాంబారు దగ్గర్నుంచి షిఫ్ట్ బస్సు దాకా ఎన్ని తగాదాలు తెగ్గొట్టానో! నా పద్ధతి ఒక్కటే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. ముందు టీ, తర్వాత మాట, చివర్న మినిట్స్ మీద సంతకం. ఎంత మొండివాడైనా ఎదుటివాడి మొహం చూస్తూ గంటసేపు కూర్చుంటే మెత్తబడిపోతాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్కటి కూడా బెడిసికొట్టలేదు. ఆ పేరు చూసే మా బ్లాక్ వాళ్లు నన్ను క్వార్టర్స్ వెల్ఫేర్ కమిటీకి సెక్రటరీని చేశారు. ఇంకెవరూ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే విషయం.

ఇక కంప్లైంటు. మా కింద పోర్షన్‌లో అప్పలనాయుడని క్రేన్ ఆపరేటర్ ఉన్నాడు. సబ్బవరం అవతల వాళ్ల ఊరు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. తిన్నా, పడుకున్నా తోడు ఒక్క కుక్కే. వర్షంలో ప్లాంట్ గేటు దగ్గర తడుస్తున్న కుక్కపిల్లని లంచ్ బాక్సు సంచీలో పెట్టి తెచ్చుకున్నాడు. షిఫ్టు సైరన్ మోగితే అది కూడా తలెత్తి ఊళ వేస్తుంది. అందుకని దాని పేరు సైరన్. ఇప్పుడు దూడంత అయింది.

ఎదురు పోర్షన్ సత్యవతిగారిది. వాళ్లాయన అకౌంట్స్‌లో చేస్తారు. వాళ్లది రాజమండ్రి దగ్గర. ఆవిడకో తెల్లపిల్లి, పేరు బంగారి. ఒకరోజు పొద్దున్నే ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా చేతిలో రెండు పేజీల కాగితం పెట్టారు.

"మా బంగారి చెవి చీరేసిందండీ ఆ కుక్క! రెండు గంటలు సన్‌షేడ్ మీదే కూర్చుని ఏడ్చిందండీ. అన్నం ముట్టడం లేదు. ఆ కుక్కయినా ఉండాలి, మేమైనా ఉండాలండీ!"

"మీరు నిశ్చింతగా ఉండండి. ఆదివారానికల్లా తేల్చేస్తాను."

"కాపీ టౌన్‌లో జంతువుల సంఘం వాళ్లకి కూడా పోస్టు చేశానండీ," అన్నారావిడ. ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

మా క్వార్టర్స్ రూలు చాలా ఖరాఖండీ. పెంపుడు జంతువు మీద కంప్లైంటు రుజువైతే వారంలో దాన్ని బయటికి పంపెయ్యాలి. రుజువైందో లేదో రాసేది సెక్రటరీ. అంటే సైరన్ ఉండాలా పోవాలా అన్నది నా పెన్ను మీద ఉంది. సాయంత్రం డ్యూటీ దిగుతూనే అప్పలనాయుడు పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి బావా ఇది! నా సైరన్ని ఒగ్గీమంటారేటి? సిమ్మాద్రప్పన్న సాచ్చిగా సెప్తన్నాను, అది ఈగని కూడా ఏటీ సెయ్యదు. దాన్ని పంపించేత్తే నానూ ఎల్పోతాను. ఇంటికొత్తే నా కోసరం సూసేది అదొక్కర్తే బావా!"

నాకు జాలేసింది. నిజం చెప్పాలంటే, వాడు చెప్పింది నమ్మాలనిపించింది కూడా. కానీ సెక్రటరీ కుర్చీలో ఉన్నప్పుడు జాలి కనబడకూడదు కదా! "ఆదివారం నాలుగింటికి మా ఇంట్లో జాయింట్ మీటింగ్. రెండు పార్టీలూ హాజరు కావాలి," అన్నాను.

"వత్తాను బావా."

"నువ్వొక్కడివే కాదు. పార్టీలంటే అసలు పార్టీలు. సైరన్‌ని కూడా తీసుకురా."

వంటింట్లోంచి పద్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఏమండీ! అది కుక్క, ఇది పిల్లి. వాటికి జాయింట్ మీటింగేంటండీ? చెవి చూడాలనుకుంటే ఆవిడింటికి వెళ్లి చూసి రండి. కుక్కని చూడాలనుకుంటే కిందకి వెళ్లండి. రెండు నిమిషాల పని!"

"నీకు తెలీదు. తగువు పడ్డవాళ్లు ఎదురుపడితే నిజం దానంతటదే బయటికొస్తుంది. ఎర్రజెండా వాళ్లనీ జీఎం గారినీ ఒక్క సోఫాలో కూర్చోబెట్టినవాణ్ని, నాకొక పిల్లి లెక్కా?"

"వాళ్లకి గోళ్లు లేవు కదండీ," అని లోపలికి వెళ్లిపోయింది.

ఈలోపు సత్యవతిగారికి ఇంకో అనుమానం వచ్చింది. మెట్ల మీద ఆపి అడిగారు. "ఆయన మిమ్మల్ని బావా అంటున్నారు, మీరూ ఆయన్ని బావా అంటున్నారు. చుట్టాలు కదండీ! మరి నాకు న్యాయం ఎలా జరుగుతుందండీ?"

"అమ్మా, ఇక్కడ ఆటో డ్రైవరూ బావే, చేపలమ్మే అప్పారావూ బావే. అది చుట్టరికం కాదు, అలవాటు." ఆవిడ నమ్మలేదు. అందుకని మీటింగ్‌లో బావ అనే మాట నిషేధించాను. నిష్పక్షపాతం అంటే అలా ఉండాలి!

ఆదివారం. టీపాయ్ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ పరిచి, ఐదు కప్పులు, బిస్కట్లు, మినిట్స్ రాసే రిజిస్టరు సిద్ధం చేశాను. ఎడమవైపు ఫిర్యాదీ, కుడివైపు ప్రతివాది, మధ్యలో నేను. సత్యవతిగారు పచ్చ వైరు బుట్టలో బంగారిని పెట్టి, పైన తువ్వాలు కట్టి తెచ్చారు. అప్పలనాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైరన్‌కి స్నానం చేయించి, మెడకి కొత్త గొలుసు వేసి తెచ్చాడు. కుక్క నా గడపలోనే కూర్చుండిపోయింది. ముందుకి రాదు. బుట్ట వైపు చూసి మొహం గోడకి తిప్పేసుకుంది.

"చూశారా? తప్పు చేసిన మొహం!" అన్నారు సత్యవతిగారు.

"అది తప్పు సేసిన మొకం కాదండీ. బయం," అన్నాడు అప్పలనాయుడు.

"ఒక్కొక్కరూ మాట్లాడాలి," అన్నాను నేను. "ముందు ప్రతివాదిని కట్టెయ్యండి."

కట్టడానికి ఏముంది మా హాల్లో? కిటికీ ఊచలు దూరం. సోఫాకి కాళ్లు బయటికి లేవు. దగ్గర్లో ఉన్నది టీపాయ్. నా చేతులతో నేనే ఆ గొలుసు టీపాయ్ కాలికి రెండు చుట్లు చుట్టాను. ప్లాంటులో సేఫ్టీ ట్రైనింగ్ మూడుసార్లు తీసుకున్నవాణ్ని నేను! అప్పటికీ పద్మ "కప్పులు తీసెయ్యనా?" అని అడిగింది. "టీ లేకుండా మీటింగేంటి?" అన్నాను.

సత్యవతిగారు జరిగింది చెప్పారు. అప్పలనాయుడు తలొంచుకుని విన్నాడు. వాడి వంతు వచ్చాక మాత్రం ఏమీ చెప్పడు. "నా కుక్క ముట్టలేదు" అని ఒక్కటే మాట. గట్టిగా అడిగితే నీళ్లు నములుతున్నాడు. ఏదో దాస్తున్నాడని నాకు తెలిసిపోయింది. కేసు సైరన్‌కి ఎదురు తిరుగుతోంది. నాకు లోపల బాధగానే ఉంది. కానీ రూలు రూలే. ఇక మిగిలింది గాయం పరిశీలన.

"తువ్వాలు విప్పండి," అన్నాను.

"వద్దండీ, బెదిరిపోతుంది."

"రికార్డులో చెవి సైజు రాయాలండీ," అని నేనే విప్పాను.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది గానీ, జరగడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. బంగారి బుట్టలోంచి లేచింది. చుట్టూ చూసింది. భయపడి పారిపోతుందనుకున్నాను. తిన్నగా నడుచుకుంటూ వెళ్లి సైరన్‌కి ఈ చెంపా ఆ చెంపా రెండు పీకింది!

అంతే! దూడంత కుక్క "కుయ్యో" అని కేక పెట్టి వంటింటి వైపు పరుగు. వెనకాల టీపాయ్. టీపాయ్ మీది కప్పులు, బిస్కట్లు, నా రిజిస్టరు, అన్నీ గాల్లో! టీపాయ్ వంటింటి గుమ్మంలో అడ్డం పడి ఇరుక్కుంది. గొలుసు దాని కాలి నుంచి జారిపోగానే కుక్క వెనక్కి తిరిగి, టీపాయ్ మీంచి దూకి దివాన్ కాట్ కిందకి దూరింది. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారు కదా. మా ఇంట్లో ఆ ఎలక ముప్పై కిలోలుంది.

బంగారి వదల్లేదు. దివాన్ వైపు దూకబోయింది. "ఆర్డర్! ఆర్డర్!" అంటూ నేను అడ్డం వెళ్లాను. అందితే జుట్టు అందకపోతే కాళ్లు అంటారు. నాకు జుట్టు లేదు కాబట్టి అది నేరుగా చర్మాన్నే పట్టుకుంది. నెత్తి మీద పిల్లి, కళ్లల్లో వేడి టీ! ఎలాగో దాని మెడ దగ్గర తోలు దొరకబుచ్చుకుని ఒక చేత్తో పైకెత్తాను. రెండో చేత్తో గొలుసు పట్టుకుని దివాన్ కింద నుంచి కుక్కని బయటికి లాగుతున్నాను. ఒళ్లు మరిచిపోయి అరిచాను.

"సెటిల్ అవుతారా, లేదా?"

తలుపు దగ్గర ఎవరో ఉన్నారనిపించి చూశాను. హెల్మెట్ చేత్తో పట్టుకుని, మెడలో కెమెరా వేసుకుని ఒకావిడ. టౌన్ నుంచి స్కూటీ మీద వచ్చారు. జంతువుల సంఘం!

"మీరెవరండీ?" అన్నారావిడ.

"వెల్ఫేర్ సెక్రటరీనండీ."

"ఎవరి వెల్ఫేరు?"

నేను నోరు తెరిచేలోగా ఫ్లాష్ వెలిగింది.

ఆవిడ ముందు పిల్లిని నా చేతిలోంచి తీసుకున్నారు. తర్వాత నేల మీద బోర్లా పడుకుని, దివాన్ కింద వణుకుతున్న సైరన్‌తో పది నిమిషాలు మెల్లగా మాట్లాడారు. అది బయటికి రాలేదు. అప్పలనాయుడు కూడా పక్కనే బోర్లా పడుకుని "రాయే తల్లీ, రాయే. ఎవులూ ఏటీ సెయ్యరే," అంటుంటే మాత్రం ఒక్కో అడుగూ పాకుతూ వచ్చి వాడి చంకలో మొహం దాచుకుంది. సత్యవతిగారు అది చూస్తూ నిలబడిపోయారు.

"ఇంత పిరికిదా అండీ ఇది?" అన్నారు చివరికి. "మరి మా బంగారి చెవి?"

అప్పుడు విప్పాడు అప్పలనాయుడు అసలు సంగతి. "మీ పిల్లి రోజూ మా వంటింటి కిటికీలోంచి దూరి ఎండుసేపలు తినేత్తాదండీ. సైరన్ గిన్నిలో అన్నం కూడా అదే తింతాది. ఇది మూల్లో నిలబడి సూత్తాది. ఆ రోజు నాను గిన్ని ఎత్తేసరికి దడుసుకుని దూకీసింది, సెవి కిటికీకున్న సిరిగిన ఇనప జాలీకి పట్టీసింది. మీరు పూజలూ అవీ సేసుకునే మడిసి. మీ పిల్లి సేపలు తింతాదని అందరి ముందరా ఎలాగ సెప్పడం అని ఊరుకున్నాను."

సత్యవతిగారి మొహం ఎర్రబడింది. "మా ఇంట్లో పెరుగన్నం తప్ప పెట్టమండీ దానికి. అందుకే అన్నం మానేసిందా!" అని కాసేపు బంగారిని చూశారు. తర్వాత నా రిజిస్టర్ని టీ మడుగులోంచి తీసి, తడి కాగితం మీదే "ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టారు. అప్పలనాయుడు ఆవిడకి దణ్ణం పెట్టాడు. ఆవిడ "అయ్యో, మీరు పెట్టడమేంటండీ," అంటూ తిరిగి పెట్టారు. ఎంత ఆనందం వేసిందో! "చూశావా, ఎదురుపడితే నిజం బయటికొస్తుందన్నానా?" అన్నాను పద్మతో. పద్మ పగిలిన కప్పులు ఏరుతూ నా నెత్తి వైపు వేలు చూపించింది. చెయ్యి పెట్టి చూసుకుంటే రక్తం.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఫారం నింపుతున్నారు. "ఆన్ డ్యూటీయా, ఆఫ్ డ్యూటీయా?"

"రాజీ సమావేశంలో అండీ."

పెన్ను ఆపి నన్ను చూశారు. "ఎవరితో?" పద్మ అందుకుంది. "పిల్లితోనండీ." ఇంజెక్షన్లు నాలుగయ్యాయి, ఇంకొకటి మిగిలుంది.

అంతటితో ఆగిందా? వారం తిరక్కుండా సంఘం నుంచి ఉత్తరం. కుక్క యజమాని మీద చర్య అక్కర్లేదు, పిల్లి యజమాని మీద అక్కర్లేదు. కానీ రెండు మూగజీవాలని ఒక గదిలో బలవంతంగా చేర్చి భయభ్రాంతులకి గురిచేసిన మూడో వ్యక్తి మీద వెల్ఫేర్ సెక్రటరీ విచారణ జరిపి నివేదిక పంపవలెను! ఫోటో జతపరచడమైనది.

ఏం చేస్తాను? జరిపాను. ముద్దాయి నేను, విచారణాధికారి నేను. ఏకైక సాక్షి పద్మ మహా ఉత్సాహంగా సాక్ష్యం చెప్పింది, అడగని ప్రశ్నలకి కూడా. ముద్దాయికి మొదటి తప్పు కింద మందలింపు ఇచ్చి, కింద సంతకం పెట్టి, ఆ సంతకాన్ని ధ్రువీకరిస్తూ ఇంకో సంతకం కూడా పెట్టాను.

అయినా నేను చేసింది వృథా పోలేదు. కిందటి ఆదివారం సంచీ పట్టుకుని కూరగాయలకని మెట్లు దిగుతున్నాను. కింద వరండాలో ఎండలో గోనెపట్టా వేసి ఉంది. దాని మీద సైరన్, సైరన్ పొట్టకి ఆనుకుని బంగారి, హాయిగా నిద్ర! నా కళ్లని నేనే నమ్మలేకపోయాను. ఇంకో మెట్టు దిగాను. చెప్పు చప్పుడికి రెండూ ఒకేసారి తలెత్తి నన్ను చూశాయి. ఒకేసారి లేచాయి. ఒకదాన్నొకటి రాసుకుంటూ పరిగెత్తి, ఒకే స్కూటర్ వెనకాల దాక్కున్నాయి.

గుమ్మంలో పళ్లు తోముకుంటున్న అప్పలనాయుడు ఉమ్మేసి, మూతి తుడుచుకున్నాడు.

"సూసేవా బావా! నువ్వు కుదిర్చిన రాజీ ఎంత గట్టిదో. ఆళ్లిద్దరికీ ఇప్పుడు నువ్వొక్కడివే శత్రువు!"