తెర మీద మెతుకులు

ఏ చిక్కొచ్చినా ఆమె "దానిదేముందండీ" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లుమంట.

ఎనభైల చివర గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి ఆఫీసులో ఆమే నేనూ కంప్యూటర్ ఆపరేటర్లం. బ్రాడీపేటలో ఒకేచోట నేర్చుకున్నవాళ్లం. ఒకరోజు గడుల్లో లెక్కలు వేసే ప్రోగ్రాంకి కొత్త ఫ్లాపీ వచ్చింది. పాతదాంట్లో ఎంత కిందికి దిగినా పైన హెడ్డింగులు కదలకుండా ఉండేవి. కొత్తదాంట్లో ఆ సౌకర్యం పీకేశారు. ఏ అంకె మంచి కాయదో, ఏది తాలు కాయదో తెలిసి చావదు. చేసినవాళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాను నేను. ఆమె మాత్రం "దానిదేముందండీ" అని క్యారేజీ విప్పి, హెడ్డింగులు రాసిన కాగితాన్ని అన్నం మెతుకులతో తెర పైఅంచున అంటించేసింది. యజమాని మురిసిపోయి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. నాకు కడుపు రగిలిపోయింది.

తర్వాత ఆమె పర్చూరులో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఇంకో ఫ్లాపీలో ఆ సౌకర్యం తిరిగొచ్చింది. కాగితం పీకేసి, ఎండిన మెతుకుల్ని గోటితో గీకి, తెరను తళతళలాడేలా తుడిచాను.

యజమాని చూశాడు.

"అమ్మాయి అంటించిన కాగితం ఏదయ్యా?"

"ఇప్పుడు హెడ్డింగులు వాటంతటవే ఉంటాయండి."

"ఉంటే ఉండనివ్వయ్యా. అది అంటించాకే మనకు కలిసొచ్చింది. మళ్లీ అంటించు."

పళ్లు కొరుక్కుంటూ నా క్యారేజీ విప్పాను.