ఎక్కించుకున్నోడే దించాలె

“మా పాపను పిక్నిక్ బస్సు ఎక్కనియ్యరేమో అన్నా.”

స్కూలు వాన్ తలుపు పట్టుకొని నేనీ మాట అంటుంటే, వెనక సీట్లో మా శ్రీహిత బూట్లు విప్పేసి ఏదో పాడుకుంటోంది. దానికి షుగరు జబ్బు. పూటపూటా ఇన్సులిన్ సూది. కెమిస్ట్రీ చదివాను, ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో బొమ్మ గీసి చెప్పగలను. అయినా దాని చెయ్యి కాస్త చల్లబడితే నాకు ఊపిరాడదు. పిల్లల్ని జూ పార్కుకు తీసుకుపోతున్నారు. “ఇట్లాంటి పిల్లలకు రూల్స్ ఒప్పుకోవు మేడమ్” అంది టీచరు. సరేనని వచ్చేశాను.

వాన్ నడిపే జోయెల్ అన్న ఇంజన్ ఆపాడు.

“ఏ రూలో అడిగినవా?”

“లేదు.”

“అంటే వాళ్లు దింపకముందే నువ్వే దిగి వచ్చినవ్.”

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. దిగమన్నచోట దిగకపోవడమే ఆయన జీవితం.

జోయెల్ అన్నది చాంద్రాయణగుట్ట. వయసులో ఉండగా చౌరస్తా నుంచి జల్‌పల్లికి సెవెన్ సీటర్ ఆటో నడిపేవాడు. ఏడుగురి బండిలో పన్నెండు మంది. పోలీసు ఆపితే, “చలాన్ రాయి సార్, గానీ వీళ్లను నడిమిట్ల దింప. ఎక్కించుకున్నోడే దించాలె” అనేవాడట. ఒకసారి లాఠీ దెబ్బ కూడా తిన్నాడు. అయినా అందరినీ ఇళ్ల దగ్గర దించి, తానే స్టేషనుకు పోయాడు.

ఆ రకం ఆటోలు బందయ్యాక, డీజిల్ ఇంజన్ పని తెలుసు కాబట్టి, హిందూ మహాసముద్రంలో ఒక ద్వీపానికి పోయి పడవల రిపేరు షెడ్డులో చేరాడు. అక్కడికి తెరచాప పడవలో ఒక విదేశీ ముసలి జంట వచ్చారు. ఇంజన్ చూసుకోవడానికి, వంటకు మనిషి కావాలన్నారు. ఈయన ఎక్కేశాడు.

“ఈత వచ్చా అన్నా?”

“రాదు. విమానం నడిపేటోనికి ఎగురుడు వస్తదా?”

ద్వీపం నుంచి ద్వీపానికి వాళ్లు తిరుగుతుండగానే కరోనా వచ్చింది. తర్వాతి రేవు చేరేసరికి దేశాలకు దేశాలే తలుపులు వేసుకున్నాయి. లోపలికి రావడానికి అనుమతి అడుగుతూ పడవలు పసుపు జెండా కడతాయి. వీళ్లూ కట్టారు. ఇమిగ్రేషన్ ఆఫీసరు తన పడవ దూరంగానే ఆపి, మైకులో చెప్పాడు: ముసలివాళ్లు దిగవచ్చు, వాళ్లకక్కడ నివాస పర్మిట్ ఉంది. ఇండియా పాస్‌పోర్టుకు వీసా లేదు. అతన్ని పడవ సిబ్బంది నుంచి తీసేసి, ఒడ్డున షెడ్డులో వదలండి. విమానాలు నడిచినప్పుడు పంపిస్తాం.

పడవకు కెప్టెన్ ముసలాయనే. తల దించుకొని, “జోయెల్, బ్యాగు సర్దుకో” అన్నాడు.

“అప్పుడు భయమైంది చెల్లే, అబద్ధమెందుకు. పడవల ఉన్నంతసేపు నేను ఆ పడవ మనిషిని. దిగిన్నంటే వీసా లేని దొంగను. ఇగ నన్ను అడిగేటోడెవడు?”

బ్యాగు సర్దలేదు. తెరచాప స్తంభానికి వీపు ఆనించి కూచొని, ఆఫీసరుకు వినబడేలా అరిచాడు.

“ఏ రూల్‌ల ఉంది సార్? చూపియండి. అప్పటిదాక ఈడనే కూచుంట.”

“నాకే ఎదురు చెప్తావా?”

“ఎదురు చెప్తలేను సార్. చదువుకుంటా అంటున్న.”

కెప్టెన్ భార్య ఫక్కున నవ్విందట. ఆఫీసరు కోపంగా పోయి, మర్నాడు కాగితం పట్టుకొచ్చాడు. అందులో ఉన్నది వేరు: తెచ్చిన మనిషిని తిరిగి తీసుకుపోయే బాధ్యత కెప్టెన్‌దే. జోయెల్ అన్న ఎగిరి గంతేశాడు. “చౌరస్తా రూలే సార్ ఇది! ఎక్కించుకున్నోడే దించాలె!”

కెప్టెన్ తిట్టుకుంటూ లంగరు ఎత్తాడు. గాలి మన దేశం వైపు ఉంది. మెల్లగా కేరళ తీరంలో ఒక రేవు ముందుకు వచ్చారు. ఇక్కడ లెక్క తిరగబడింది. మనవాళ్లు మైకులో, “ఇండియన్ దిగవచ్చు. విదేశీయులు వెంటనే వెనక్కి పోవాలి” అన్నారు.

ముందున్నది వానాకాలం. పడవలో తాగే నీళ్లు అడుగంటాయి. ముసలాయనకు ఒక చెయ్యి వాచి తాడు పట్టడం లేదు. జోయెల్ అన్న మళ్లీ స్తంభం దగ్గరే కూచున్నాడు.

ఫోనులో తల్లి సుందరమ్మ లొల్లి: “దిగురా! నిన్ను షెడ్డుల పారేస్తమన్నోళ్ల కోసం సస్తవా?”

“వాళ్లు దింపుదామనుకున్నరని నేను దింపాల్నా అమ్మా? ఇంజన్ నా చేతుల ఉంది. ఇప్పుడు డ్రైవర్‌ను నేను.”

ఒడ్డున కొబ్బరిచెట్లు కనిపిస్తున్నాయి. ఈ దేశం ఆయనది. అయినా దిగలేదు. రోజూ రేడియోలో అదే అడిగేవాడు: “ఆపదల ఉన్న పడవను వెనక్కి పంపాలని ఏ రూల్‌ల ఉంది సార్?” రేవు అధికారులకే విసుగొచ్చింది. చివరికి నీళ్లు, డీజిలు పంపారు, డాక్టరు వచ్చి చెయ్యి చూశాడు. వానలు తగ్గేదాకా పడవ అక్కడే ఆగవచ్చని రాసిచ్చారు. ఆ కాగితం ముసలాయన చేతిలో పెట్టాకే జోయెల్ అన్న నేల మీద కాలు పెట్టాడు.

“ముసలోడు ఏడ్సిండు,” అన్నాడు తాళంచెవి తిప్పుతూ. “సారీ చెప్పిండు. నేనేమో, ముందుగాల సామాన్లు లెక్క జూస్కో, ఏమన్న మర్సినవా అన్న. ఆటో అలవాటు.”

వాన్ కదిలించబోయి ఆగాడు.

“ఫికర్ పోదు చెల్లే, ఉండనియ్. గానీ కుదరదు అన్నోళ్ల ముంగట ఏడ్వకు, అరవకు. రూల్ చూపియమను. చూపించేదాక ఈడనే కూచుంట అను. అని, నిజంగనే కూచో. పోయేటప్పుడు టిఫిన్ గిట్ల పట్టుకపో.”

నిన్న పొద్దున ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూచున్నాను. రూలు చూపించేదాకా ఇక్కడే కూచుంటానన్నాను. రూలు వెతుకుతున్నామన్నారు. మధ్యాహ్నం పులిహోర డబ్బా అక్కడే తెరిచాను. సాయంత్రానికి కూడా దొరకలేదట.

ఇవాళ రెండు డబ్బాలు కట్టుకున్నాను.