సేటు జేబులో చాబీ

1973. అప్పట్లో నేను సంగారెడ్డి సర్కారు దవాఖానాలో కాన్పుల వార్డు స్టాఫ్ నర్సుని. ఆ వార్డులో ఎటు చూసినా రాజలింగం సేటు పేరే. మంచాల తలాపున ఆయన పేరు, ఫ్యాన్ రెక్కల మీద ఆయన పేరు, ఆఖరికి మంచినీళ్ల కుండ మూత మీద కూడా ఆయన పేరే. ఇన్నేళ్లయినా ఆ పేరు తలిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

ఊరికే తిడితే నాలుకకు పాపం. బజారులో బెల్లం, చింతపండు అమ్మిన ఇంటివాడు సేటు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో అట్టపెట్టెల కార్ఖానా పెట్టి పైకొచ్చాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. చిన్నప్పుడు దుకాణం విడిచి ఆడనివ్వకపోతే గోడెక్కి చూసేవాడట. చేతిలో డబ్బు ఆడగానే పట్నం నుంచి మంచి ఆటగాళ్లను తెచ్చి, కార్ఖానాలో నౌకరీలిచ్చి, జీతం మీద ఆడించే జట్టు పెట్టాడు. జట్టు ఓడిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. శుక్రవారం శుక్రవారం మా వార్డుకు పండ్లు తెచ్చి, బాలింతలను పేరుపేరునా పలకరించేవాడు. అదంతా నాటకం కాదు, నాకు తెలుసు. అందుకే ఇంకా కోపం.

ఆ ఏడాది దవాఖానాకు అంబులెన్స్ వ్యాన్ దానమిచ్చాడు. ఊరంతా చప్పట్లు. తీరా చూస్తే డ్రైవర్ ఆయన మనిషి, బండి తాళంచెవి, అదే చాబీ, ఆయన జేబులో! ఇదేంది సేటూ అంటే, "మీ కాడుంటే ఖరాబైతది సిస్టర్, నా కాడ భద్రం" అన్నాడు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెడతామా అని మా పెద్దలు సర్దిచెప్పారు. పళ్ల సంగతి సరే, పలుపు ఇంకా వాళ్ల చేతిలోనే ఉంటే అది దానమెట్లా అవుతుంది? ఆదివారం మ్యాచ్ ఉందంటే ఆ వ్యాన్‌లో ఆటగాళ్లు, సోడా పెట్టెలు, బూట్ల మూటలు. రోగి పడుకునే చోట బంతులు! నేను గొణిగితే, "ఆదివారం ఎవలకు రోగమొస్తది సిస్టర్?" అని డ్రైవర్ ఇకిలించేవాడు.

అట్లాంటి ఒక ఆదివారమే కొండాపూర్ దిక్కు పల్లె నుంచి మొగులమ్మ అనే ఆమెను ఎడ్లబండిలో తెచ్చారు. తొలికాన్పు. మగపిల్లవాడు, పుడుతూనే గట్టిగా ఏడ్చాడు. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. మేము దీన్ని పి.పి.హెచ్. అంటాం. కాన్పు తర్వాత గర్భసంచి ముడుచుకోక రక్తం ధారగా పోతుంది. ఇంజెక్షన్ ఇచ్చాం, సెలైన్ పెట్టాం. డాక్టరమ్మ ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి గర్భసంచిని అదిమి పట్టుకుంది. ఆ పట్టు వదిలితే మనిషి దక్కదు. రక్తం ఎక్కించే వసతి మా దగ్గర లేదు.

"పట్నం తీస్కపోవాలె. జల్దీ పోయి వ్యాన్ పట్కరా!" అని అరిచింది డాక్టరమ్మ.

మొగులమ్మ నా కొంగు పట్టుకుంది. "సిస్టరమ్మా, నా కొడుకు తల్లి లేనోడైతడా?"

"గట్లనకు, నోర్మూసుకో!" అని కసిరి, కొంగు విడిపించుకుని పరిగెత్తాను.

గ్రౌండు దవాఖానా వెనకే. ఆట జోరు మీద ఉంది. షామియానా కింద పట్నం పెద్దమనుషుల నడుమ సేటు కూర్చుని ఉన్నాడు. వ్యాన్ పక్కనే ఉంది, తాళం వేసి.

"సేటూ, చాబీ ఇయ్యుండ్రి. బాలింతకు రక్తం ఆగుతలేదు. పట్నం పోవాలె."

ఆయన కళ్లు బంతి మీదే ఉన్నాయి. "జెర ఆగు సిస్టర్. హాఫ్ టైమ్ కానియ్. వ్యాన్ల సామానున్నది. పెద్దోళ్ల ముంగట గిట్ల లొల్లి జేస్తే ఏమనుకుంటరు?"

"హాఫ్ టైమ్ దాక ఆమె ఉండది!"

"గా వ్యాన్ ఇచ్చిందే గరీబోళ్ల కోసం. నాకే చెప్తవా?"

ఇంకేం మాట్లాడాలి ఆ మనిషితో? తెల్లచీర, నెత్తి మీద టోపీతో సక్కగా గ్రౌండు నడిమికి పోయి నిలబడ్డాను. రిఫరీ విజిల్ మీద విజిల్ ఊదుతున్నాడు. జనం ఈలలు, నవ్వులు. నవ్వనివ్వు, నేను కదల్లేదు.

సేటు జట్టు గోల్‌కీపర్ మహబూబ్ పరుగెత్తుకొచ్చాడు. కార్ఖానాలో అట్టలు కోసే మిషన్ మీద పని అతనిది. అతని భార్య కాన్పు చేసింది నేనే. సంగతి విని షామియానా దగ్గరికి పోయి, మట్టి చెయ్యి చాపాడు.

"చాబీ ఇయ్యుండ్రి, సేఠ్‌సాబ్."

"అరే, గోల్ ఇడిసిపెట్టొచ్చినవేందిరా!" అని సేటు లేచి అరిచాడు. అప్పుడే అవతలి జట్టువాడు ఖాళీ గోల్‌లోకి బంతి తన్నేశాడు. సేటు ఎటు చూశాడనుకున్నారు? నా వైపు కాదు, ఆ గోల్ వైపు. అమ్మో, ఆ చూపు! చచ్చినా మరువను.

మహబూబ్ చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు. పెద్దమనుషులు చూస్తున్నారని సేటు చాబీ అతని మొహాన విసిరికొట్టాడు. సోడా పెట్టెలు, మూటలు ఆటగాళ్లే కింద పడేశారు. డ్రైవర్ వ్యాన్‌ను వార్డు ముందుకు తెచ్చాడు, డాక్టరమ్మ పట్టు వదలకుండానే మొగులమ్మతో పాటు ఎక్కింది. మొగులమ్మ పట్నం చేరింది, రక్తం ఎక్కించారు, బతికింది.

కథ ఇక్కడ ఆగితే నాకింత కోపం ఉండేది కాదు. మొగులమ్మ ఇంటికి పోకముందే మా దవాఖానాలో సన్మాన సభ పెట్టారు. ఎవరికనుకున్నారు? "ఆట ఆపి తల్లిని కాపాడిన దాత" అని బ్యానర్! గోల్ విడిచిపెట్టి ఓడగొట్టాడని మహబూబ్‌ను అప్పటికే నౌకరీ నుంచి తీసేశారు. మొగులమ్మను తెచ్చి సేటు కాళ్లు మొక్కమన్నారు. దండ వెయ్యమని నన్ను పిలిచారు. వ్యాన్ చాబీ మాత్రం మళ్లీ సేటు జేబులోకే చేరింది.

వేశాను. వేసి, అక్కడే నిలబడి అరచెయ్యి చాపాను.

"చాబీ, సేటూ."

"రేపు పంపిస్త సిస్టర్."

"రేపు వద్దు. గీ మందిల ఇయ్యుండ్రి."

సేటు నవ్వబోయాడు. అప్పుడు మొగులమ్మ మొక్కబోయినదల్లా ఆగి, బిడ్డను భుజానేసుకుని నిలబడింది. "ఇయ్యుండ్రి సేటూ. నాలెక్క ఇంకొకామె వస్తే, ఆమె పానం మీ ఆట ఒడిసేదాక ఆగది" అంది. సేటు జేబులో చెయ్యి పెట్టక తప్పలేదు.

ఆ చాబీని వార్డు తలుపు పక్కన మేకుకు తగిలించాను. మహబూబ్‌ను మళ్లీ పనిలోకి తీసుకోమని అడిగితే మాత్రం సేటు మొహం తిప్పుకున్నాడు. మహబూబ్ బస్టాండు దగ్గర సైకిళ్లు కిరాయికిచ్చుకుంటూ బతికాడు. అతని పేరు ఏ గోడ మీదా రాయలేదు.

తర్వాత చాలా దవాఖానాల్లో పనిచేశాను. దాతలు ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. ఎవరొచ్చినా, దండ నా చేతికి రాకముందే ఒక మాట అడిగేదాన్ని: "దీని చాబీ ఎవల దగ్గరుంటది?" కొందరు నవ్వి ఇచ్చేసేవారు. కొందరు మొహం మాడ్చుకునేవారు. మాడ్చుకున్నవాళ్లకు నేను దండ వెయ్యలేదు.