మామ పోసిన చిక్కటి ఆయిలు

మామ పోయాడన్న కబురు నాకు సాత్తూరు దాటాక అందింది. బండి నిండా విళాత్తికుళం మిరపకాయల బస్తాలు. విరుదునగర్ మార్కెట్టులో సరుకు దింపి, అక్కడి ఆసుపత్రిలో ఉన్న మామను చూసి రావాలని బయలుదేరినవాణ్ణి. అత్త ఫోను చేసి, ఇంక తొందరపడొద్దు, నిదానంగా రా అల్లుడా అంది. బండి రోడ్డు పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి కాసేపు కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కింద గేరుపెట్టె మాత్రం గొర్రుమని అరుస్తూనే ఉంది. ఆ సద్దు సంగతి చూడమని మామ నాకు వారం కిందటే చెప్పాడు. నేను చూడలేదు.

మామంటే మా అమ్మ తమ్ముడు. కోవిల్‌పట్టిలో, ఎట్టయాపురం పోయే రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు ఉండేది. డీజిలు పికప్పుల గేరుపెట్టెలు తప్ప మరొకటి ముట్టుకునేవాడు కాదు. ఇంజను పొగ వేస్తోందని ఎవరైనా వస్తే పక్క షెడ్డు చూపించేవాడు. బ్రేకులంటే ఎదురు షెడ్డు. మూడో గేరులో ఏడుస్తోందనో, క్లచ్చు వదిలితే గొణుగుతోందనో అంటే మాత్రం అన్నం ముందు నుంచి లేచి వచ్చేవాడు. చేయి కూడా కడుక్కోని మనిషితో కాపురం చేస్తున్నానని అత్త తిట్టడం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

మాది తెలుగే గానీ, మా తెలుగు ఇంటి గడప దాటదు. బయట అంతా తమిళం. చదవడం, రాయడం వచ్చినవాళ్లు మాలో అరుదు. నేను గుంటూరు మిర్చి యార్డులో పదేళ్లు గుమాస్తాగా ఉన్నాను. అక్కడివాళ్లు నా మాట విని నవ్వుతుంటే రోషం వచ్చి అక్షరాలు నేర్చుకున్నాను. మామకు ఒక్క తెలుగు అక్షరం రాదు. బండ్లవాళ్లతో తమిళంలో మాట్లాడేవాడు, గేరుపెట్టెతో తెలుగులో మాట్లాడేవాడు. బండి కింద వెల్లకిలా పడుకొని, ఏమే, ఎక్కడ నొప్పి, చెప్పు అని బతిమాలేవాడు. డ్రైవర్లు అదేదో మంత్రం అనుకునేవాళ్లు. ఆయన కాదనేవాడు కాదు.

సద్దు తగ్గించమని వచ్చిన బండిని వెంటనే విప్పేవాడు కాదు. సొంతదారునే నడపమని, తాను పక్క సీట్లో కూర్చుని, అరచేయి గేరుకర్ర మీద పెట్టి కళ్లు మూసుకునేవాడు. నల్లరేగడి గుంతల రోడ్డు మీద కొంత దూరం, హైవే మీద కొంత దూరం. క్లచ్చు తొక్కు, వదులు, మళ్లీ తొక్కు. తొక్కితే ఆగి, వదిలితే మొదలైతే లోపల ముందు బేరింగు పోయిందని లెక్క. ఎప్పుడు చూసినా ఒకే తీరుగా దడదడలాడుతుంటే, గేరుపెట్టెను మోసే రబ్బరు దిండ్లు ఎండి పగిలాయనో, గేరుకర్ర మొదట్లో ఉన్న తొడుగు చిరిగిందనో చెప్పి, అవి మార్చి పంపేసేవాడు. సగం బండ్ల రోగం అంతే. ఆయిలు తగ్గిందా లేదా అని వేలు పెట్టి చూడటం మాత్రం ఏ బండికీ మానేవాడు కాదు.

గుంటూరులో సద్దంటే చిన్న అలికిడి. మా ఇళ్లలో ఎంత పెద్ద మోతైనా సద్దే. ఆ మాటను మామ రెండుగా విడదీశాడు.

"ఊరికే అరిచే సద్దు ఒకటి ఉండాది, చెప్పేదానికి ఒచ్చే సద్దు ఒకటి ఉండాది," అనేవాడు. "మొదటిదాన్ని పోగొట్టు. రెండోది ఏమి చెప్తాదో విను, విని పెట్టె విప్పు."

పాత బేరింగును కిరసనాయిలులో కడిగి, చూపుడు వేలికి తొడిగి, చెవి దగ్గర తిప్పి వినేవాడు. పెళ్లి పందిట్లో కూర్చున్నా అంతే. బయట ఏదో బండి పోతుంటే మాట మధ్యలో ఆపి, వాడు సగం క్లచ్చు మీద నడుపుతున్నాడు, పాపం ఆ బండి అనేవాడు. పెళ్లికొడుకు వైపువాళ్లు ఇదెక్కడి మనిషని చూసేవాళ్లు. మాకు నవ్వు.

ఇంతవరకు రాసింది ఆయన్ని ఎరిగిన ఎవరైనా రాయగలరు. ఇక మీదటిది నేను తప్ప ఎవరూ రాయలేరు.

కొన్నేళ్ల కిందట నా దగ్గర ఇంకో పికప్పు ఉండేది, పాతది. మిరప కోతలు మొదలయ్యేలోపు దాన్ని వదిలించుకొని ఇప్పుడున్న ఈ బండి తెచ్చుకోవాలని నా తొందర. సాత్తూరు డ్రైవరు ఒకడు చూస్తానన్నాడు. అంతవరకు పరాయివాళ్ల బండ్లు నడిపినవాడు, మొదటిసారి సొంతానికి కొనుక్కోబోతున్నాడు. నా బండి క్లచ్చు వదిలితే చాలు, గొర్రుమనేది. మామ చేయి పెట్టి చూసి, బేరింగు అయిపోయింది, పెట్టె దించాలి, నాలుగు రోజులు పడుతుంది అన్నాడు. కొనేవాడు రేపే వస్తాడు మామా, సద్దు మాత్రం తగ్గించి ఇయ్యి, అది చాలు అన్నాను.

దానికో దారి ఉంది. షెడ్డుల్లో అందరికీ తెలిసిందే. గేరుపెట్టెలో ఉన్న ఆయిలు వంపేసి, వెనక ఇరుసుకు పోసే చిక్కటి ఆయిలు పోస్తారు. అరిగిన సందుల్లో అది జిగటగా పట్టుకొని కొన్ని వారాలు సద్దు బయటికి రానివ్వదు. అరగడం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. మామ ఆ పని ఎవరికీ చేసి ఎరగడు. నాకు చేశాడు. మా అమ్మ పోయిన ఏడాది అది, నన్ను కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. పోసి, మర బిగించి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"వాడికాడ చెప్పి అమ్ము అల్లుడా. మొదట బేరింగు మార్చుకోమను. చెప్పకుండా ఇయ్యొద్దు."

"సరి మామా, చెప్తా," అన్నాను.

చెప్పలేదు. ఆ డ్రైవరు పెళ్లాన్ని వెంటబెట్టుకొని వచ్చాడు. బస్టాండు దాకా నడిపి చూసి, ఇంత మెత్తగా ఉందే అని మురిసిపోయాడు. అప్పుడైనా చెప్పవచ్చు. ఇది మా మామ చేతి బండి, సందేహం పెట్టుకోకు అన్నాను. ఆమె చక్రాలకు పసుపు కుంకుమ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఇద్దరూ కేబినులో పక్కపక్కన కూర్చుని వెళ్లిపోయారు. ఆమె కిటికీలోంచి నాకు దండం పెట్టింది.

నెల తిరక్క ముందే, సాత్తూరు దగ్గర వంతెన దిగుతుండగా బేరింగు పగిలింది. ముక్కలు పళ్ల చక్రాల మధ్య ఇరుక్కొని వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. అగ్గిపెట్టెల లోడుతో బండి పల్టీ కొట్టింది. అతని కుడికాలు కేబిను కింద నలిగింది. మోకాలి పైదాకా తీసేశారు.

మామ పోయి బండిని చూసి వచ్చాడు. ఆ సాయంత్రం నేను షెడ్డుకు పోతే ఒక పాత గేరుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో ఏ పనీ లేదు. చెప్పినావా అని అడుగుతాడనుకున్నాను. అడిగితే అబద్ధమాడటానికి సిద్ధంగానే వెళ్లాను. ఆయన అడగలేదు. కాఫీ తెప్పించాడు. ఇద్దరం తాగాం. ఆ ఒక్క ప్రశ్న చివరిదాకా ఆయన నోట రాలేదు. గండం గడిచిందనుకున్నాను, అంత సిగ్గులేనివాణ్ణి నేను.

ఆ తర్వాత సాత్తూరు బండ్లు షెడ్డుకు రావడం మానేశాయి. తర్వాత మిగతావీ తగ్గాయి. వయసు మీద పడింది, కొత్త షెడ్డులు వచ్చాయి అని నాకు నేను చెప్పుకున్నాను. నీ చెవి మందగించిందని ఊరంతా అనుకుంటున్నారు మామా అని ఎగతాళి కూడా చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పుడప్పుడు షెడ్డు మూసేసి బస్సెక్కేవాడు. ఎక్కడికంటే సాత్తూరులో చిన్న పని ఉందనేవాడు.

పోయిన నెల ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డాడు. నర్సు వీపు మీద గొట్టం ఆనించి వింటుంటే, సద్దు ముందరి నుంచా వెనక నుంచా అని అడిగాడట. అత్త అది చెప్పి నవ్వబోయి ఏడ్చింది. నేను చూడటానికి పోయిన రోజు ఊపిరి తీస్తే ఎద గరగరమంటోంది. చెప్పేయాలని ఆ రోజు గట్టిగా అనుకొని వెళ్లాను. మామా, ఆ సాత్తూరు బండి అని మొదలుపెట్టాను. ఆయన చేయెత్తి ఆపి, కిటికీ వైపు చూపించాడు. కింద నా బండి నిలబెట్టి ఉంది.

"నువ్వు ఒచ్చి నిలిపినప్పుడే విన్నా. ముందు బేరింగు. నేను లేచేదాకా కాచుకోవద్దు అల్లుడా, విప్పేసెయ్."

బేరింగు గురించే అన్నాడనుకున్నాను. సరి మామా అన్నాను. నేను ఆయనకు ఇచ్చిన మాటలన్నీ ఆ ఒక్క మాటే.

మిరపకాయలు దించేసి, అదే బండిలో ఆయన్ని కోవిల్‌పట్టికి తీసుకొచ్చాను. ఇంకో బండి వద్దని అత్తే అంది. ఎంత ఊడ్చినా మిరప ఘాటు పోలేదు. అత్త నా పక్క సీట్లో కూర్చుంది. సాత్తూరు దగ్గర టోల్‌గేటులో బండి ఆపినప్పుడు గేరుపెట్టె మళ్లీ గొర్రుమంది.

"ఈ సద్దు వింటే లేచి కూచుంటాడు," అంది అత్త, వెనక్కి తిరిగి చూస్తూ.

ఇద్దరం చూశాం. ఆయన కప్పిన దుప్పటి గాలికి కదులుతోంది, అంతే. ఇంటి దగ్గర ఆయన్ని దించినవాళ్లందరికీ తుమ్ములు పట్టుకున్నాయి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటుకు నీళ్లు కారుతున్నాయో తెలియలేదు. నాకైతే రెండూ.

శవం లేవడానికి ముందు ఒకాయన చంకకర్రతో వీధి మొదట్లో కనబడ్డాడు. పంచె కుడివైపు ఖాళీగా వేలాడుతోంది. నా పాత బండి కొన్న సాత్తూరు డ్రైవరే. బస్సులో వచ్చాడట. మామ పాదాల దగ్గర చాలాసేపు నిలబడి, తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి నా చేయి పట్టుకున్నాడు. తమిళంలో, మెల్లగా, అంతా చెప్పాడు. కాలు తీసిన వారానికే మామ ఆసుపత్రికి వచ్చి అతని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడట. చిక్కటి ఆయిలు పోసింది నేనే, నా అల్లుడికి తెలియదు, తెలియకుండా పోశాను, వాణ్ణి ఏమీ అనొద్దు అన్నాడట. ఆ సంగతి అప్పట్లో సాత్తూరు డ్రైవర్లందరికీ ఈయన తానే చెప్పానని, కోపంతో చెప్పానని, తర్వాత బాధపడ్డానని అన్నాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో గేటు కాపలా పని ఇప్పించింది కూడా మామేనట. నెల నెలా వచ్చి కూర్చుని పోయేవాడట.

చివరికి ఆయన నాతో అన్నది ఇది: నిన్నూ మోసం చేశాడు పాపం, అయినా పెద్ద మనిషి, పోయాడు, ఆయన మీద కోపం పెట్టుకోకు తమ్ముడూ.

నేను తలూపాను. అక్కడ యాభై మంది ఉన్నారు, మామ ఇంకా వాకిట్లోనే ఉన్నాడు, నేను తలూపాను.

పదకొండో రోజు అయ్యాక ఇది రాయడం మొదలుపెట్టాను. మామను గురించి మంచి మాటలు రాసి, నా తప్పు కూడా ఒప్పుకుంటే మనసు తేలికవుతుందనుకున్నాను. సగం రాశాక అర్థమైంది. ఇది తెలుగులో రాస్తున్నాను. మా వీధిలో చదివేవాడు లేడు. సాత్తూరులో ఆ గేటు దగ్గర కూర్చున్న మనిషికి ఒక్క అక్షరం రాదు. నాకు చెడ్డపేరు రాని భాష చూసుకొని ఒప్పుకుంటున్నాను. పోసింది మళ్లీ చిక్కటి ఆయిలే.

అందుకని కాగితాలు మూసేసి, నిన్న పొద్దున సాత్తూరు వెళ్లాను. బేరింగు ఇంకా మార్చలేదు. ఫ్యాక్టరీ ఎదురుగా రోడ్డు పక్కన ఆపి న్యూట్రల్‌లో పెట్టాను. ఇంజను ఆపలేదు. ఆయన గేటు పక్కన స్టూలు మీద, చంకకర్ర గోడకు ఆనించి, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. నన్ను చూడలేదు. సద్దు విన్నాడు. తల కొంచెం పక్కకు వంచాడు, చెవి బండి వైపు పెట్టి. అచ్చం మామ లాగే కళ్లు మూసుకున్నాడు. అన్నేళ్లు నెల నెలా వచ్చి ఈయన పక్కన కూర్చున్న మామ ఏమి నేర్పాడో అప్పుడు తెలిసింది. తర్వాత తల అలాగే వంచి ఇటు తిరిగి నన్ను చూసి నవ్వి, బండి ఏదో చెబుతోందే తమ్ముడూ, ఏమిటది అని కేకేశాడు.

తాళం తిప్పి ఇంజను ఆపాను. దిగి రోడ్డు దాటి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. సద్దు ఆగిపోయింది. ఆయన తల మాత్రం ఇంకా వినడానికి నా వైపు వంగే ఉంది.