తంబిట్టు ఎద్దులు

పక్క ఖాళీ స్థలంలో బోరు వేస్తున్నారు. పొద్దున్నుంచి ఆ బోరు లారీ మోతే. కిటికీలు బిగించినా సందుల్లోంచి తెల్లటి దుమ్ము లోపలికి వస్తూనే ఉంది. ఆరేసిన బట్టల మీద, నీళ్ళ బిందె మూత మీద, చివరికి నాలుక మీద కూడా అదే. కాలిన రాయి వాసన. అనంతపురం టౌనులో కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే పని వదిలేసి కిటికీ దగ్గరికి పోయి నిలబడతాను. "నీళ్ళు పడతాయో లేదోనని వాళ్ళకుండాల్సిన దిగులు నీకెందుకు?" అని మా ఆయన నవ్వుతాడు. ఆయనది కృష్ణా కాలవ కింద ఊరు. కరువును పేపర్లో చదివి తెలుసుకున్న మనిషి, నవ్వగలడు. నాకు మాత్రం ఆ దుమ్ము వాసన వెంటే ఓబుళవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

బెళుగుప్ప దగ్గర మా పల్లెలో ఓబుళవ్వది మా పక్కిల్లు. చుట్టమేమీ కాదు, వీధిలో పిల్లలందరికీ ఆమె అవ్వే. సెంటు భూమి లేదు, గొడ్డూ గోదా లేదు. బుడ్డలు ఒలిచే కూలికి పోయేది. మా వైపు వేరుశనక్కాయల్ని బుడ్డలంటాం. ఒలిచి ఒలిచి ఆమె బొటనవేలి గోరు పసుపుకొమ్ములా గట్టిపడిపోయింది. నోరు అంతకన్నా గట్టిది. మొహమాటం అనే మాట ఆమె చెవిన ఎప్పుడూ పడినట్టు లేదు. అయినా పండగ వస్తోందంటే పిల్లలమంతా ఆమె అరుగు మీదే ఉండేవాళ్ళం. పిల్లోళ్ళ చేతులు పడని పండగ ఏం పండగ అనేది. ఉగాదికి వేపపూలు మాచేతే దూయించేది. దసరా సెలవుల్లో జొన్నదంటు బెండును ముక్కలు కోసి, ఈనెలు గుచ్చి బండ్లు కట్టడం నేర్పేది. నాగులచవితికి నువ్వులు దంచి బెల్లంతో ఉండలు చుట్టించేది. సగం ఉండలు మా నోళ్ళలోకే పోయేవి, చూసీ చూడనట్టు ఊరుకునేది. కొనుక్కొచ్చిన వస్తువు ఒక్కటి కూడా ఆ అరుగు మీద నేను చూడలేదు.

అన్నిటికన్నా పెద్ద పని ఏరువాక పున్నమి ముందు రోజు మట్టెద్దులు చేయడం. ఆ పండగకు ఎద్దులున్న ఇళ్ళవాళ్ళు వాటిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి మొక్కుతారు. లేనివాళ్ళు మట్టితో చేసుకుని మొక్కుతారు. మా ఇంట్లో కర్రోడు, ఎర్రోడు అని నిజం ఎద్దులే ఉన్నా, మా గూట్లో కూడా ఒక మట్టి జత ఉండాల్సిందే. తొలి విత్తనం వేసే రోజు మా నాయన ఆ జతను చేని మూలలో పూడ్చేవాడు. చెరువు నుంచి జిగటమన్ను తెచ్చి, రాళ్ళు ఏరి, పిసికి మా ముందు ముద్దలు పెట్టేది ఓబుళవ్వ.

"ముందు మూపురం పైకి లాగు పాపా. మూపురం లేనిది ఎద్దు గాదు, కుక్క."

"కాళ్ళు లావుగా పెట్టు. సోకులు జేస్తే నిలబడదు."

ఒకసారి నాకు ఒక్కటే బాగా కుదిరింది, రెండోది చేయడానికి విసుగేసి లేచాను. రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. "జత చేయాల. ఒక్కదాన్నే పెడితే రెండోది యాడ అని నిన్నే అడుగుతాది" అంది. ఆ భయానికి చాలా ఏళ్ళు నేను ఏ వస్తువూ ఒంటరిగా చేయలేదు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, వానలు వరసగా మొహం చాటేశాక, మా నాయన చేలో బోరు వేయించాడు. లారీ వచ్చింది, ఊరంతా చూడటానికి వచ్చింది. బూడిదరంగు దుమ్ము లేచింది, ఇంకా లోతుకు పోయింది, మళ్ళీ దుమ్మే లేచింది. చివర్లో కాస్త చెమ్మ తగిలి ఆ దుమ్ము బురదై బయటికొచ్చింది. అంతటితో సరి. లారీ వెళ్ళిపోయింది. నాయన ఇంటికొచ్చి మొహం మీద తువ్వాలు కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన అప్పటికే ఇంట్లో అందరితో ఒక మాట అనేసి ఉన్నాడు. బోరు పడకపోతే ఎద్దుల్ని సంతకు తోలుతానని, ఏరువాక పండగ దాటనిచ్చి తోలుతానని. దొడ్లో మేత అయిపోయింది. కర్రోడి పక్కటెముకలు దూరం నుంచే కనబడుతున్నాయి.

కరువు ఏడాది సంతలో ఎద్దుల్ని కొనేది రైతులు కాదు. వాటిని ఎక్కించుకున్న లారీలు ఎక్కడికి పోతాయో ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. మా తమ్ముడు కర్రోడి మెడ కింద కూర్చునే అన్నం తినేవాడు, వాడికి బడి ఈడు కూడా రాలేదు. "యాడికి పోతాయమ్మా?" అని అడిగితే, "పచ్చగడ్డి ఉండే ఊరికి పోతాయి నాయనా. వానలు పడినంక వస్తాయి" అని అమ్మ చెప్పింది. వాడు నమ్మాడు. నేను నమ్మినట్టు నటించాను. కొట్టంలోకి పోవడం మాత్రం మానేశాను, వాటి కళ్ళు చూడాలంటే భయంగా ఉండేది.

ఆ సారి చెరువులో మన్ను లేదు. ఎండిన చెరువు అడుగు బిళ్ళలు బిళ్ళలుగా పగిలిపోయింది, మెత్తటి మన్నంతా ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. ఓబుళవ్వ కూలికి పోయి ఇంకా రాలేదు. పండగ రేపు. పిల్లలమంతా మా చేలో బోరు పక్కన కుప్పపడిన బూడిదరంగు బురద దగ్గరికి పరుగెత్తాం. చేతికి మెత్తగా, చల్లగా, వెన్నలాగా ఉంది. ఇంత మంచి మన్ను చెరువులో ఎప్పుడూ చూడలేదనుకున్నాం. జతలు జతలు చేశాం. మూపురాలు లేపాం, రాగిగింజలు కళ్ళుగా గుచ్చాం. సాయంత్రం ఓబుళవ్వ వచ్చి ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"యాడిది ఈ మన్ను?"

"మా బోరు కాడిది అవ్వా."

ఆమె మొహంలో నేనెప్పుడూ చూడని బాధ కనబడింది. "ఇది మన్ను గాదు పాపా, రాతి పిండి. దీంట్లో జిగురు లేదు. పొద్దునకు ఉండదు" అంది. మేం వినలేదు. నేను మా జతను తెచ్చి గూట్లో పెట్టేశాను.

పొద్దున అమ్మ పసుపు కుంకుమ తీసుకుని గూడు దగ్గరికి పోయి కెవ్వుమంది. గూట్లో ఎద్దులు లేవు. రెండు బూడిద కుప్పలు, వాటి మీద రాగిగింజలు. అమ్మ నెత్తి కొట్టుకుంటూ కింద కూలబడింది. నాయన వచ్చి చూశాడు. తన చేని గుంతలోంచి వచ్చిన దుమ్మని ఆయనకు తెలిసిపోయింది. నన్ను కొడతాడనుకున్నాను. వెనక్కి తిరిగి పోయి కొట్టం గడప మీద కూర్చున్నాడు. కొట్టి ఉంటే బాగుండేదని అప్పుడే అనుకున్నాను.

అమ్మ ఏడుపు విని ఓబుళవ్వ వచ్చింది. గూట్లోకి చూసింది. "పూజకు ఎద్దులు గావాల, అంతే గదా. తంబిట్టుతో చేద్దాం లే" అని ఇంటికి పోయి పుట్నాల పప్పుల పిండి, చారెడు బెల్లం తెచ్చింది. "బుడ్డలుండాయేమే?" అని అడిగింది. మా ఇంట్లో ఉన్నవి విత్తనం బుడ్డలే. ఎంత ఆకలైనా విత్తనం ముట్టుకోకూడదని మా ఇళ్ళల్లో కట్టు. అమ్మ లేచి పోయి ఆ మూట విప్పింది, చాటనిండా తెచ్చి పెట్టింది.

"విత్తనం గదమ్మే?" అంది ఓబుళవ్వ.

"ఎద్దులే పోతాండాయి. ఇంక విత్తనం దేనికవ్వా?"

ఓబుళవ్వ చాటను దగ్గరికి లాక్కుంది. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఒలిపించింది. విత్తులు వేయించి, చేతుల్లో నలిపి, చెరిగి పొట్టు పోగొట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచింది. పప్పుల పిండి, తురిమిన బెల్లం అందులోనే వేసి మళ్ళీ దంచింది. పాకం అక్కర్లేదు, మళ్ళీ పొయ్యి ఎక్కించనక్కర్లేదు. బుడ్డల నూనెకే అది ముద్ద కడుతుంది. పిడికిట్లో పెట్టి నొక్కితే వేళ్ళ అచ్చులు నిలబడాలి, అప్పుడు తయారైనట్టు. మేం జత ఎద్దులు చేశాం. ఎండు కొబ్బరి చీలికలు కొమ్ములయ్యాయి. నా జీవితంలో అంత అందమైన ఎద్దుల్ని చేయలేదు. అమ్మ బొట్లు పెట్టి హారతి ఇచ్చింది. ఇల్లంతా బెల్లం, వేగిన బుడ్డల వాసన. ముందు రాత్రి మేం తాగింది ఉత్త గంజి.

పూజ అయ్యాక ఓబుళవ్వ పళ్ళెం మా ముందుకు జరిపి "తినండి" అంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చేయి చాపలేదు. ఇప్పుడే దండం పెట్టిన ఎద్దును ఎలా తింటాం? మట్టివైతే చేలో పూడ్చేవాళ్ళం. తినడానికి వీలైన ఎద్దును చేయడమే మేం చేసిన పొరపాటని నాకు అప్పుడు తట్టింది. ఓబుళవ్వకు కూడా అప్పుడే తట్టి ఉంటుంది. ఆమె చేయి పళ్ళెం మీద ఆగిపోయింది.

మా తమ్ముడు అడిగాడు. "ఎద్దునెవురన్నా తింటారా అవ్వా?"

అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. కొట్టం గడప మీద నాయన తలెత్తాడు.

"తింటారు" అంది ఓబుళవ్వ. "మనం తినం. తినేవాళ్ళుండారు. మీ కర్రోడూ ఎర్రోడూ ఆడికే పోతాండాయి."

"అవ్వా!" అని అరిచింది అమ్మ. "పసిబిడ్డతో ఆ మాటలేంది?"

"మరేం చెప్పల్ల? పచ్చగడ్డి ఉండే ఊరనా? ఈ చుట్టుపక్కల ఆ ఊరు యాడుండాదో చూపీ, నేనే తోలుకపోతా." ఆమె గొంతు తగ్గింది. "మాకూ ఎద్దులుండిన దినాల్లో, వాటిని అమ్మినప్పుడు నా కొడుక్కి నేనూ అట్లే చెప్పినా. అవి తిరిగొస్తాయని ఏండ్ల తరబడి దావ చూసినాడు. పెద్దోడై సంతలో కండ్లారా చూసినంక, మళ్ళా నా మాట ఒక్కటీ నమ్మలా."

ఆ కొడుకు బళ్ళారిలో లారీ తోలుతాడని, ఊరికి రాడని మాకు తెలుసు. ఎందుకు రాడో ఆ రోజు తెలిసింది.

తమ్ముడు పరుగెత్తి పోయి నాయన కాళ్ళు చుట్టుకుని "అమ్మొద్దు నాయనా" అని ఏడ్చాడు. బోరు ఎత్తిపోయినప్పటి నుంచి నోరు విప్పని మా నాయన అప్పుడు మాట్లాడాడు. "మేత లేదురా. కట్టుకొయ్య కాడనే పడి చస్తాయి. అది నేను చూడలేను."

ఓబుళవ్వ లేచి ఒక ఎద్దును చేతిలోకి తీసుకుంది. మూపురం దగ్గర విరిచి పెద్ద ముక్క నాయనకిచ్చింది. "నువ్వు దున్నించుకున్నోనివి నాగన్నా. ముందు నువ్వు తిను. ఏడ్చుకుంటానే తిను. తినకుండా దాచిపెడితే చీమలు తింటాయి, అంతే." నాయన ఆ ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. గడ్డం మీదుగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తర్వాత మాకు పెట్టింది. ఆ తంబిట్టు చాలా రుచిగా ఉంది. ఏడుస్తూనే రెండో ముక్క అడిగాను నేను.

సంత నుంచి నాయన రెండు పగ్గాలు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. గొడ్డును అమ్మినా పగ్గం ఇవ్వరు మా వైపు. తమ్ముడు ఎదురుపోయాడు. పగ్గాలు అందుకుని కొయ్యకు తగిలించాడు. వాడు ఆ తర్వాత చాలా రోజులు దిగులుగానే ఉన్నాడు కానీ, దావ మాత్రం చూడలేదు. అమ్మ ఓబుళవ్వతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఓబుళవ్వ పోయింది. కొడుకు రాలేదు. కొరివి మా నాయన పెట్టాడని ఉత్తరంలో తెలిసింది.

ఆమె చేసింది సరైన పనేనా అని నాలో నేను చాలాసార్లు వాదించుకున్నాను. పసివాడి పండగ పాడు చేసిందని కొన్నాళ్ళు కోపం కూడా ఉండేది. పిల్ల తల్లినయ్యాక ఆ కోపం నిలవలేదు. ప్రతి ఏరువాక పున్నమికీ నా కూతురిని కూర్చోబెట్టుకుని తంబిట్టు ఎద్దులు చేస్తాను. మొన్నటి పండగకు దానికి ఆరేళ్ళు. మా ఊరి ఎద్దుల కథ సగం విని, "ఆ తర్వాత అవెక్కడికి వెళ్ళాయమ్మా?" అని అడిగింది. లోపలి గదిలోంచి మా ఆయన "పండగ పూట, ఏదో మంచి ఊరికి వెళ్ళాయని చెప్పరాదూ" అన్నాడు. నాకూ అలాగే చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

అది చేతిలోని ఎద్దును అటూ ఇటూ తిప్పి చూసింది. "వాటికి నొప్పి పుట్టిందా?" అంది.

"పుట్టే ఉంటుంది."

కళ్ళు తుడుచుకుంది. రెండు చేతులతో ఎద్దును విరిచి, మూపురం ఉన్న ముక్క నా చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు తిను" అంది.