పెంటయ్య తగ్గించిన పదిహేను లక్షలు

గోపన్‌పల్లిలో పాత ఇల్లు కొనదలచినవాళ్ళు ఆదివారం పొద్దున పెంటయ్యను వెంటబెట్టుకుని వెళ్తారు. ‘మా అంకుల్’ అని పరిచయం చేస్తారు, అంతకు మించి చెప్పరు. పెంటయ్య చెప్పులు గడప బయట విడిచి, లోపలికి వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, చొక్కా జేబులోంచి ఐదు రూపాయల బిళ్ళ తీసి గోడల మీద కొట్టుకుంటూ నడుస్తాడు. గట్టి గోడ ఒకలా పలుకుతుంది, లోపల గుల్లబారిన గోడ ఇంకోలా పలుకుతుంది. ఆ తేడా ఇంటాయనకు వినబడేటట్టు అక్కడే రెండోసారి కొడతాడు. ‘ప్చ్’ అంటాడంతే. అక్కణ్ణుంచి ధర దిగడం మొదలవుతుంది.

బేరానికి ఒక్కో సీమలో ఒక్కో పద్ధతి. అనంతపురం, కడప వైపు పశువుల సంతల్లో అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కుకుంటూ ధర తేల్చుకునేవారు. చుట్టూ వందమంది నిలబడి ఉన్నా మాట బయటికి పొక్కేది కాదు. అమ్మినవాడి పరువు దక్కేది, ఎద్దు పరువూ దక్కేది. ఇళ్ళ బేరానికి ఆ తువ్వాలు లేదు. అమ్మేవాడి ఎదుటే కూర్చుని, అతని పెళ్ళాం పెట్టిన టీ తాగుతూ, అతను ఇన్నేళ్ళు వెల్లకిలా పడుకుని చూసిన పైకప్పును చూపించి ఇది పనికిరానిదని చెప్పాలి. చదువుకున్న పిల్లలకు అందుకు నోరు రాదు. ఆఫీసులో కోట్ల లెక్కలు అలవోకగా మాట్లాడేవాళ్ళు కూడా ముసలమ్మ బిస్కెట్ల పళ్ళెం ముందు పెట్టేసరికి మెత్తబడిపోతారు. అందుకే వాళ్ళకు పెంటయ్య.

అతను అసలు మేస్త్రీ. గోపన్‌పల్లి ఊరుగా ఉన్న రోజుల్లో డెబ్బై ఇళ్ళదాకా అతని చేతి మీద లేచాయి. ముగ్గుపిండితో పునాది గీత గీసింది మొదలు గడపకు పసుపు రాసేదాకా ఇల్లు మేస్త్రీదే, ఆ తరవాతే యజమానిది. అలా అనుకునే మనుషులు అప్పుడు ఉండేవారు. తరవాత టవర్లు వచ్చాయి. కాంక్రీటు లారీలోనే కలిసి వచ్చింది, కూలీలు రైల్లో వచ్చారు, ఇంజనీరు అద్దం పలక మీద వేలితో ఇల్లు గీసుకుంటూ వచ్చాడు. తొమ్మిదేళ్ళుగా పెంటయ్యను ఇల్లు కట్టమని పిలిచినవాడు లేడు. చూడమని పిలిచేవాళ్ళే. తప్పులు ఎక్కడెక్కడ దాగుతాయో కట్టినవాడికి తెలుస్తుంది కనక ఆ పనికీ బాగానే ఒదిగాడు. కాని లోపల ఒక్కటే ఆశ మిగిలింది: కాలూ చెయ్యీ ఆడుతుండగానే ఇంకొక్క ఇల్లు, పునాది నుంచి పిట్టగోడదాకా, తన చేత్తో కట్టాలని.

ఇల్లు కొనదలచి వచ్చిన చైతన్యకు ఆ సంగతి పది నిమిషాల్లో తెలిసిపోయింది. అతనిది ప్రొద్దుటూరు. నానక్‌రామ్‌గూడలో మేనేజరు. మనుషులకు ఏం కావాలో కనిపెట్టి పని చేయించుకోవడం అతని ఉద్యోగం.

“పాతది కూలగొట్టి మూడంతస్తులు ఏసుకుంటాం అంకుల్. ధర మాత్రం గట్టిగా దించి పెట్టాల మీరు. కట్టే పని ఇంక మీదే” అన్నాడు.

“మాకూ నమ్మకమైనోళ్ళు కావాల కదంకుల్” అంది అతని భార్య శిరీష.

పెంటయ్య ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. అప్పుడడిగాడు, ఇల్లెవరిదని.

“ఎల్లేశం అంట. బడి వెనక సందులో, నీలం గేటు.”

నీలం గేటు ఇల్లు పెంటయ్య కట్టిందే. ఎల్లేశం అతనికి నలభై ఏళ్ళ స్నేహితుడు. నాలుగు రోజుల కిందటే కల్లు కాంపౌండులో పక్కన కూర్చుని గుట్టు విప్పాడు. కొడుకు రాకేశ్ ఫ్లాటు కొనుక్కుంటున్నాడు, వాడికి ఎనభై లక్షలివ్వాలని కాగితం మీద రాసుకున్నారు. ఆపైన ఎంతొస్తే అంత ముసలివాళ్ళిద్దరిది. “కోటీ పన్నెండు చెప్తున్న పెంటన్నా. ముప్పై రెండు మిగుల్తది. లింగంపల్లి స్టేషన్ కాడ చిన్న ఫ్లాటు చూసినం. సక్కుకు మోకాళ్ళు వంగుతలేవు గద, ఆడ లిఫ్టున్నది.” లిఫ్టు సంగతి మూడుసార్లు చెప్పాడు.

ఇది నా దోస్తు ఇల్లు, నేను రాను అని పెంటయ్య లేచి పోవచ్చు. అలా లేచిపోయే మనుషులు లోకంలో ఉంటారు, కాని వాళ్ళను వెతుక్కుంటూ చాలా దూరం తిరగాలి. పెంటయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“తండ్రి ఒక్కడున్నప్పుడు మాట్లాడకుండ్రి సార్. కొడుకున్న రోజు పోదాం” అన్నాడు.

చైతన్య ఎందుకని అడిగాడు. పెంటయ్య చెప్పాడు. కొడుకు ఎనభై కదలదు, తగ్గేదంతా ముసలివాళ్ళ వాటాలోంచే తగ్గుతుంది, కొడుక్కి ధర పట్టదు, తొందరే పడుతుంది. చైతన్య అతని వంక కొత్తగా చూశాడు. తన కింద ముప్పైమంది పనిచేస్తున్నారు, ఇంత పనికొచ్చేవాడు ఒక్కడూ లేడు.

ఆదివారం వెళ్ళేసరికి ఇంటికి కొత్తగా రంగు వేసి ఉంది. ఇది పాత ఊళ్ళవాళ్ళు చేసే పొరపాటు. చుట్టూ అందరూ గజం ఇంత అని నేలను అమ్ముకుంటుంటే వీళ్ళు ఇల్లు అమ్ముతామనుకుంటారు. రంగు వేయిస్తారు, కుళాయి మారుస్తారు. కొనేవాడు బుల్‌డోజరు మాట్లాడుకుని వచ్చి, ఆ రంగు చూసి బాగుందంటాడు.

ఎల్లేశం భార్య సక్కుబాయి పెంటయ్యను చూడగానే మొహం విప్పార్చుకుంది. “అగో, అన్న గూడ వచ్చిండు! ఈ ఇల్లు కట్టిన మేస్త్రి ఈయననే బిడ్డా. అడుగుండ్రి, ఎట్ల కట్టిండో ఆయననే అడుగుండ్రి.”

“నువ్వు ఈళ్ళ దిక్కెల్లి వచ్చినవా పెంటన్నా?” అన్నాడు ఎల్లేశం. గొంతులో అనుమానం లేదు, ఇక గట్టెక్కామన్న ధీమా ఉంది.

“ఎవల దిక్కెల్లి అయితేంది. ఇల్లు ఇల్లే గద” అన్నాడు పెంటయ్య.

బిళ్ళ బయటికి తీయలేదు. తన గోడలు ఎలా పలుకుతాయో తనకు తెలుసు. టీ వచ్చింది. రాకేశ్ కుర్చీ అంచున కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. చైతన్య కోటీ పన్నెండు ఎక్కువన్నాడు, ఎల్లేశం తక్కువన్నాడు. రెండుసార్లు అటూ ఇటూ అయ్యాక చైతన్య పెంటయ్య వైపు చూశాడు.

పెంటయ్య తల పైకెత్తాడు.

“ఎల్లేశం, ఈ స్లాబుల సలాకలు ఎట్లేసినమో యాదికున్నదా?”

ఎల్లేశం చేతిలో కప్పు ఆగిపోయింది.

అది ఇద్దరికే తెలిసిన మాట. ఇరవై ఏడేళ్ళ కిందట, స్లాబు వేసే వారంలోనే ఎల్లేశం పనిచేసే ఫ్యాక్టరీలో సమ్మె. జీతం ఆగిపోయింది. సలాకల ఇనుముకు తెచ్చిన డబ్బు మూడింట రెండొంతులకే సరిపోయింది. “ఉన్నకాడికి సర్దు అన్నా, ఇంట్ల చెప్పకు” అని ఎల్లేశం పెంటయ్య చేతులు పట్టుకున్నాడు. పెంటయ్య సర్దాడు. స్లాబు పడిన రోజు ఆచారం తప్పకుండా యాటపోతును కోసి, మేస్త్రీకి పంచె పెట్టి, కాళ్ళకు దండం పెట్టాడు ఎల్లేశం. ఆ దండం దేనికో సక్కుబాయికి తెలియదు. మేస్త్రీ గనక పెట్టాడనుకుంది.

“అర్ధ అడుగుకు ఒకటి పడాలె సార్” అన్నాడు పెంటయ్య, చైతన్యకు చెప్తున్నట్టు. “ముప్పావడుగుకు ఒకటి ఏసినం. నేనే ఏసిన, నా చేత్తోని. ఇంకెన్నేండ్లు ఆగుతదో నేనైతే జిమ్మేదారి తీస్కోను.”

శిరీష పైకప్పు వంక చూసి భుజాలు ముడుచుకుంది. “ఎట్లాగూ మనం కూల...” అని మొదలుపెట్టింది. చైతన్య బిస్కెట్ల పళ్ళెం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి తీసుకుంది.

సక్కుబాయి పెంటయ్యను చూడలేదు, మొగుణ్ణి చూసింది. “ఏందయ్యా?”

“పైసల్లేకుండె” అన్నాడు ఎల్లేశం.

“గిన్నేండ్లు పోరగాన్ని గీ స్లాబు కిందనే పండవెట్టినమా?”

జవాబు చెప్పింది రాకేశ్. ఫోను జేబులో పెట్టుకుని, “నానా, ఈ ముచ్చట బయటికి పోతే ఇగ ఎవడన్న వస్తడా? మల్ల నా ఫ్లాటు డేటు దాటిపోతది. ఇచ్చెయ్ ఇగ” అన్నాడు.

“తొంభై ఐదు” అన్నాడు చైతన్య.

“బిడ్డా, జర మా ముసలోళ్ళను చూసి...” అన్నాడు ఎల్లేశం.

“మీ వయసుకు గౌరవమిచ్చే కదా సార్ కూర్చున్నా. వేరేవాళ్ళయితే స్లాబు మాట వినంగానే లేచిపోతారు.”

ఎల్లేశం స్నేహితుడి వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పు పెంటన్నా.” అంత జరిగాక కూడా అన్నాడు. నలభై ఏళ్ళ అలవాటు ఒక్క కప్పు టీ చల్లారేలోగా పోదు.

“ఇంకో రెండు ఏసియ్యిండ్రి సార్, పాపం” అన్నాడు పెంటయ్య.

తొంభై ఏడుకు తెగింది. చైతన్య అక్కడే ఫోనులో బయానా పంపించాడు. బేరం తెగితే నోరు తీపి చేయాలి గనక సక్కుబాయి లోపలికి వెళ్ళి చక్కెర గిన్నె తెచ్చింది. మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి ఒక్కొక్కరి దగ్గరా వంగింది. చైతన్యకు, శిరీషకు పెట్టింది, కొడుక్కి పెట్టింది. పెంటయ్య దగ్గర ఆగింది.

“తీస్కో అన్నా. గిన్నేండ్లు కడుపుల దాసుకున్నవు, నోరంత చేదైతుండొచ్చు.”

పెంటయ్య నోరు తెరిచాడు. ఆమె చక్కెర నాలుక మీద వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

రిజిస్ట్రేషన్ అయింది. పదిహేడు లక్షలకు లింగంపల్లిలో లిఫ్టున్న ఫ్లాటు రాదు. ముసలివాళ్ళు శంకర్‌పల్లి అవతల ఒక మేడ మీది గది కిరాయికి తీసుకున్నారు. పద్దెనిమిది మెట్లు. సక్కుబాయి పొద్దున ఒకసారి దిగితే సాయంత్రందాకా పైకెక్కడం లేదని, కిందింటివాళ్ళ అరుగు మీదే కూర్చుంటోందని ఎవరో కల్లు కాంపౌండులో అన్నారు. పెంటయ్య విని, సీసా ఖాళీ చేసి లేచాడు. అతని మనసంతా నీలం గేటు వెనకున్న నూటపది గజాల మీదే ఉంది. గోడ నిలువు చూసే కొత్త తూకంగుండు కొన్నాడు, కొత్త నూలుదారం కొన్నాడు. నోటుబుక్కులో మెట్లు ఎటు రావాలో గీసుకుని, నలుగురు పాత కూలీలను పిలిచి అడ్వాన్సులు కూడా ఇచ్చుకున్నాడు.

ఆ నోటుబుక్కు పట్టుకుని చైతన్య వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాడు. పద్నాలుగో అంతస్తు. శిరీష నీళ్ళిచ్చింది. చైతన్య బుక్కు తీసుకుని రెండు పేజీలు తిప్పి, బాగుందని తిరిగిచ్చాడు.

“బిల్డర్‌కి ఇచ్చేసినాం అంకుల్. పోయిన వారమే అగ్రిమెంటయింది.”

“కట్టుడు నాకే అన్నరు గద సార్.”

“అన్నా, కాదనలే.” చైతన్య గొంతు మెత్తగానే ఉంది. “కానీ ఆలోచించండి. సలాకలు తక్కువ ఏసినానని మీరే చెప్తిరి, నలుగురిలో. రేపు మా ఇంటికి ఏదన్నా అయితే మా నాయనకు నేనేం చెప్పాల?”

“అది గట్ల గాదు సార్” అన్నాడు పెంటయ్య. “సలాకలు తక్కువైనయని నేను నడుమల బీము పోసిన. నా కూలి పైసలు వెట్టి పోసిన. ఇరవై ఒక్క దినాలు నేనే నీళ్ళు కొట్టిన. ఇరవై ఏడేండ్లల్ల ఒక్క చుక్క కారలే. కొండను మోస్తది ఆ స్లాబు.”

“మరి ఆ రోజు ఇది చెప్పలేదే అంకుల్?” అంది శిరీష. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

పెంటయ్య చైతన్య వైపు చూశాడు. చైతన్య నవ్వాడు.

“బేరం అయిపోయింది కదంకుల్. ఇంక దాని మంచి చెప్పి ఏం లాభం?”

పెంటయ్య నోటుబుక్కును చుట్టచుట్టి పట్టుకుని కూర్చున్నాడు. లేవాలనుకున్నాడు, లేవలేదు. చైతన్య ఒక కవరు తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. యాభై వేలున్నాయన్నాడు. ఇవ్వాల్సిన పని లేదు, అయినా ఇస్తున్నానన్నాడు.

“ఇంకో మాట. మా ఆఫీసులో నవీన్ అని ఉన్నాడు. నల్లగండ్లలో పాతిల్లు ఒకటి చూసినాడు. ముసలామె ఒక్కతే ఉంటుందంట, ధర దిగట్లేదంట. మీ సంగతి చెప్పినా. ఈ ఆదివారం పోతారా?”

పెంటయ్య కవరు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“ఆమెకు కొడుకులున్నరా?” అని అడిగాడు.